విశాఖ నుంచి ఎన్నూరు దాకా.. ఓడల వెంట వచ్చిన పరాయి గుల్లలు

కేరళలోని కొల్లం జిల్లా అష్టముడి సరస్సులో గుల్లలు ఏరుకొని జీవించే మత్స్యకారులు తమ వేటకు తామే కట్టుబాట్లు విధించుకున్నవారు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు, గుల్లల సంతానోత్పత్తి కాలంలో, వారు నీటిలోకి దిగరు. వల కన్ను 30 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. కిలోకు 1,400కు మించి తూగేంత చిన్న గుల్లల మాంసం ఎగుమతికి వెళ్ళకూడదు. 1990వ దశకం నుంచి అమలులో ఉన్న ఈ నియమాల ఫలితంగానే 2014లో అష్టముడి గుల్లల వేటకు మెరైన్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్ ధ్రువీకరణ లభించింది. అంతర్జాతీయంగా విలువైన ఆ గుర్తింపు పొందిన తొలి భారతీయ మత్స్యక్షేత్రం అదే.

ఐదేళ్ళు తిరిగేసరికి అదే సరస్సు అడుగున మరొక గుల్ల పరచుకొని కనిపించింది. దానికి వేట విరామం లేదు, వల కన్ను కొలత పట్టదు. మధ్య, దక్షిణ అమెరికా తీరాలకు చెందిన ఈ మస్సెల్ శాస్త్రీయ నామం మైటెల్లా స్ట్రైగాటా. భారత జలాల్లో దాని ఉనికిని కొచ్చి ఉప్పునీటి జలాల నుంచి సేకరించిన నమూనాల ఆధారంగా శాస్త్రవేత్తలు 2019లో తొలిసారి ప్రకటించారు. అప్పటికే అది కొచ్చికి పరిమితమై లేదు. కడినంకుళం, పరవూరు, కాయంకుళం, వెంబనాడు, చేట్టువ, పొన్నాని దాకా కేరళ తీరం పొడవునా ఉన్న ఉప్పునీటి సరస్సుల్లోనూ నదీముఖాల్లోనూ వ్యాపించి ఉంది. అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తిన్నది అష్టముడి. అక్కడ ఒక చదరపు మీటరు విస్తీర్ణంలో 11,384 గుల్లలు లెక్కకు వచ్చిన చోటు కూడా ఉంది.

ఆ అంకె అర్థం కావాలంటే రెండు గుల్లల జీవనవిధానం తెలియాలి. అష్టముడిలో వేటాడే గుల్లను మలయాళంలో మంజ కక్క, అంటే పసుపు గుల్ల అంటారు. అది ఇసుకలో పూడుకొని ఉండి, సన్నని గొట్టాలను పైకి చాచి నీటిని పీల్చి, అందులోని సూక్ష్మ ఆహారాన్ని వడగట్టుకుంటుంది. మస్సెల్ అలా పూడుకొని బతకదు. పట్టుపోగుల వంటి దారాలను స్రవించి రాయికో, కొయ్యకో, పడవ అడుగుకో, చివరికి మరొక గుల్లకో అతుక్కుంటుంది. ఒకదానిపై ఒకటి అతుక్కుంటూ పోతే అడుగంతా చాప పరచినట్లవుతుంది. ఆ చాపలో ఒండ్రు చిక్కుకుంటుంది. కింద ఉన్న మంజ కక్కకు ఊపిరీ అందదు, ఆహారమూ అందదు. వేటగాడి చేతికి, వలకు తగిలేది పైనున్న పరాయి గుల్ల మాత్రమే.

అష్టముడి క్షీణతకు ఈ మస్సెల్ ఒక్కటే కారణమనడం సరికాదు. పట్టణ వ్యర్థాలు, నీటి లవణీయతలో మార్పులు, ఆవాసం కుంచించుకుపోవడం అంతకు ముందే మొదలయ్యాయి. బలహీనపడిన నీటిలోనే పరాయి జాతులు తేలికగా వేళ్ళూనుకుంటాయి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ హేచరీలో పెంచిన పిల్ల గుల్లలను లక్షల సంఖ్యలో సరస్సులో విడిచి ఆ వేటను నిలబెట్టే ప్రయత్నం చేస్తోంది. అయితే పిల్ల గుల్లకు కావలసింది ఖాళీ ఇసుక. ఆ ఇసుకను మస్సెల్ ఆక్రమించిన చోట విడిచిన విత్తనానికి నిలువ నీడ ఉండదు.

పేరు పెట్టింది మత్స్యకారులే

శాస్త్రపత్రాల్లో చర్చ సాగుతుండగానే కేరళ మత్స్యకారులు ఈ గుల్లకు ఒక పేరు పెట్టారు: వరత్తన్ కక్క. వరత్తన్ అంటే బయటి ఊరి నుంచి వచ్చినవాడు. చెన్నై ఉత్తర శివారులోని ఎన్నూరులో దానినే కాకా ఆళి అంటున్నారు. రెండు చోట్లా పేరు ముందు పుట్టింది, ప్రభుత్వ లేఖలు తరువాత కదిలాయి. తెలుగులో దీనికి ఇంకా ఒక పేరంటూ స్థిరపడలేదు. గుల్ల, చిప్ప, ఆల్చిప్ప అనే మాటల్లోనే అన్నీ కలిసిపోతున్నాయి. ఇది కేవలం నిఘంటువుకు సంబంధించిన లోటు కాదు. వేరు చేసి పిలవని దాని గురించి ఎవరూ ఫిర్యాదు చేయరు. ఫిర్యాదు లేని నష్టం ఏ శాఖ దస్త్రంలోకీ ఎక్కదు. పైగా ఈ మస్సెల్ నలుపు, గోధుమ, ఊదా, ముదురు ఆకుపచ్చ రంగుల్లో దొరుకుతుంది. కాబట్టి మన తీరపు పచ్చ మస్సెల్‌గా పొరబడే అవకాశం ఎక్కువ.

పత్రికల భాషలో ఇటువంటి జీవులకు వాడే మాటలు కూడా గమనించదగినవి. చొరబాటు, దండయాత్ర, ఆక్రమణ అన్నవి సరిహద్దుల నుంచి అరువు తెచ్చుకున్న పదాలు. ఇవి గుల్లకు లేని దురుద్దేశాన్ని అంటగట్టి, దాన్ని మోసుకొచ్చిన రవాణా వ్యవస్థను కనుమరుగు చేస్తాయి. మన తీరాల్లో ఆహారంగా తినే ఆ పచ్చ మస్సెలే 1990 ప్రాంతంలో కరీబియన్ దీవి ట్రినిడాడ్‌లో, 1999లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం టాంపా అఖాతంలో ప్రత్యక్షమైంది. అక్కడి విద్యుత్ కేంద్రాల నీటి గొట్టాలను మూసివేసి ఆసియా నుంచి వచ్చిన బెడదగా పేరు తెచ్చుకుంది. ఇక్కడ కూర, అక్కడ కీడు. తేడా గుల్లలో లేదు. దాన్ని అదుపులో ఉంచే శత్రువులు, వ్యాధులు, పోటీదారులు దాని వెంట ప్రయాణించకపోవడంలోనే ఉంది.

అర్ధశతాబ్దం కిందట విశాఖలో

ఈ వరుసలో అష్టముడి మొదటిది కాదు. 1967లో విశాఖపట్నం రేవులో నల్లని చారలున్న ఒక చిన్న మస్సెల్ కనిపించింది. ఆంధ్ర విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర ఆచార్యులు పి.ఎన్.గణపతి, ఆయన సహచరులు దానిని గుర్తించి 1971లో కరెంట్ సైన్స్ పత్రికలో ప్రకటించారు. అప్పట్లో కాంజీరియా సాలీ అని, ఇప్పుడు మైటిలాప్సిస్ సాలీ అని పిలుస్తున్న ఆ గుల్ల సొంత ఊరు కరీబియన్ సముద్ర పరిసరాలు. ఉత్తర అమెరికా మహాసరస్సులను 1980వ దశకం చివరి నుంచి అతలాకుతలం చేసిన జీబ్రా మస్సెల్‌కు ఇది దగ్గరి చుట్టం. విశాఖ తరువాత కొద్ది ఏళ్ళకే ముంబయి నౌకాదళ రేవుల్లోనూ దీని ఉనికి నమోదైంది.

మైటిలాప్సిస్ సాలీ నెల రోజుల వయసుకే ప్రత్యుత్పత్తికి సిద్ధమవుతుంది. ఉప్పు ఎక్కువైనా తక్కువైనా తట్టుకుంటుంది. ప్రాణవాయువు తక్కువగా ఉండే మురికి నీటిలోనూ బతుకుతుంది. ఆ లెక్కన నగరపు కాలువలు వచ్చి కలిసే విశాఖ అంతర్గత రేవు దానికి చక్కని నెలవు. అక్కడి స్తంభాలు, బోయాలు, పడవల అడుగుభాగాలు దశాబ్దాలుగా దీని భారాన్ని మోస్తున్నాయి. గోకించడం, రంగు వేయించడం రేవు నిర్వహణలో మామూలు ఖర్చయిపోయింది. విశాఖ శాస్త్రవేత్తలు చూడవలసిన దానిని చూశారు, రాయవలసిన చోట రాశారు. ఆ ప్రకటన అందుకొని చర్య తీసుకోవలసిన అధికార వ్యవస్థ అంటూ అప్పుడు లేదు.

అటువంటి వ్యవస్థ ఉంటే ఏం జరుగుతుందో ఆస్ట్రేలియా ఉత్తర కొసన ఉన్న డార్విన్ నగరం చూపింది. అక్కడ దొరికినదీ ఇదే మైటిలాప్సిస్ సాలీ. 1999 మార్చిలో కలెన్ బే అనే విహార నౌకల రేవులో గజ ఈతగాళ్ళ సర్వేలో అది బయటపడింది. ఆరు నెలల ముందు చేసిన సర్వేలో దాని జాడే లేదు. ఆ స్వల్ప వ్యవధిలోనే అది చదరపు మీటరుకు 20 వేలు దాటిన చోట్లున్నాయి. రోజుల వ్యవధిలో మూడు మెరీనాలను మూసివేశారు. వందలాది పడవలను నిలిపివేసి, అప్పటికే బయటికి వెళ్ళిన వాటిని ఎక్కడున్నా వెతికి పరీక్షించారు. మూసిన నీటిలో బ్లీచింగుకు వాడే సోడియం హైపోక్లోరైట్, కాపర్ సల్ఫేట్ కుమ్మరించారు. గుల్లతో పాటు అక్కడున్న ఇతర జీవులూ చచ్చిపోయాయి. దానికి సిద్ధపడే ఆ నిర్ణయం తీసుకున్నారు. సుమారు నెల రోజుల్లో మస్సెల్ నిర్మూలన పూర్తయింది. ఖర్చు 20 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు దాటింది.

డార్విన్‌కు అదృష్టం కూడా కలిసివచ్చింది. అక్కడ సముద్రపు పోటు, పాట్ల మధ్య తేడా దాదాపు 8 మీటర్లు ఉండడంతో మెరీనాలకు ముందే తలుపులు కట్టి ఉన్నాయి. ఆ తలుపులు మూయగానే మెరీనా చెరువైపోయింది. విశాఖకు గానీ, అష్టముడికి గానీ మూయడానికి తలుపు లేదు. వేలాది కుటుంబాలు బతికే రామ్‌సర్ సరస్సులో కాపర్ సల్ఫేట్ కలపాలని ఎవరూ అనరు. కాబట్టి డార్విన్ రసాయనాలు మనకు పనికిరావు. మనకు పనికివచ్చేది అక్కడి ఆరు నెలలకొక సర్వే, అది చూడగానే ఆజ్ఞ జారీ చేయగల ఒక అధికారి.

బ్యాలాస్ట్ నీరు ఒక్కటే దారి కాదు

సరుకు దించిన ఓడ తేలికై ఒరిగిపోకుండా ఉండడానికి తన ట్యాంకుల్లోకి సముద్రపు నీటిని ఎక్కించుకుంటుంది. దీనినే బ్యాలాస్ట్ నీరంటారు. మరో రేవులో సరుకు నింపుకొనేటప్పుడు ఆ నీటిని అక్కడ వదులుతుంది. దానితో పాటు వేల కిలోమీటర్ల దూరపు తీరం నుంచి గుల్లల డింభకాలూ దిగుతాయి. ఖనిజం ఎగుమతి చేసే రేవులకు ఓడలు తరచు ఖాళీగా, అంటే ఈ నీటితో నిండి వస్తాయి.

దీనిని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం 2004 ఫిబ్రవరిలో కుదిరింది. 2017 సెప్టెంబరు 8న అమలులోకి వచ్చింది. తీరానికి కనీసం 200 నాటికల్ మైళ్ళ దూరంలో, 200 మీటర్ల లోతున్న చోట నీటిని మార్చుకోవడం తొలి మెట్టు. ఓడలోనే శుద్ధి యంత్రం అమర్చి, వదిలే ప్రతి ఘనపు మీటరు నీటిలో 50 మైక్రోమీటర్లు, ఆపై పరిమాణం ఉన్న సజీవ ప్రాణులు పదికి తక్కువ ఉండేలా చూడడం రెండోది. ఈ ఒప్పందంలో చేరడానికి కేంద్ర మంత్రివర్గం 2015లోనే ఆమోదం తెలిపింది. అయినా 2017లో అది అమలులోకి వచ్చిననాటి సభ్యదేశాల పట్టికలో భారత్ లేదు.

ఒప్పందాన్ని పూర్తిగా పాటించినా మిగిలిపోయే దారి మరొకటుంది. అది ఓడ అడుగుభాగం. గుల్లలు అతుక్కోకుండా అడుగుభాగాన్ని శుభ్రంగా ఉంచాలని చెప్పే అంతర్జాతీయ మార్గదర్శకాలు 2011లో వచ్చాయి, 2023లో సవరించారు. అవి సలహాలే, శాసనాలు కావు. ఇక ఒకే దేశపు జలాల్లో తిరిగే ఓడలకు బ్యాలాస్ట్ ఒప్పందం సాధారణంగా వర్తించదు. చేపల మరబోట్ల విషయం అసలు చర్చలోకే రాదు. విదేశం నుంచి వచ్చిన గుల్ల మొదటి రేవులో దిగడం ఒక కథ. అక్కడి నుంచి పక్క రేవుకు, దాని పక్కనున్న ఉప్పుటేరుకు పాకడం వేరే కథ. ఆ రెండో కథలో విదేశీ నౌకల పాత్ర తక్కువ. మన తీర నౌకలు, పడవలు, ప్రవాహాలు, తుపాన్ల పాత్ర ఎక్కువ. కేరళ సరస్సుల్లో మైటెల్లా ఇంత వేగంగా పరచుకోవడానికి 2017 నాటి ఓఖీ తుపాను తోడ్పడి ఉండవచ్చన్న అభిప్రాయం శాస్త్రవేత్తలలో ఉంది.

ఎన్నూరు వివాదాన్ని ఈ నేపథ్యంలో చూడాలి. అక్కడ కొసస్తలైయారు నది, సముద్రంలో కలిసే ఉప్పుటేరు అడుగున ఇదే మైటెల్లా దుప్పటిలా కప్పుకుపోయింది. రొయ్య బురదలో దాగి పెరుగుతుంది. ఆ బురద గుల్లల కింద పోయింది. చేతులతో తడుముతూ రొయ్యలు పట్టే ఇరుళర్ కుటుంబాలకు, చిన్న వలల మత్స్యకారులకు అది రోజుకూలి పోవడమే. గుల్లల అంచులకు చేతులు, కాళ్ళు కోసుకోవడం అదనం. మత్స్యకారుల ఫిర్యాదు జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణాది ధర్మాసనం ముందుకు వెళ్ళింది. తొలగింపు ఖర్చు పక్కనున్న రేవు భరించాలని రాష్ట్ర జలవనరుల శాఖ అంటే, గుల్లల రాకకు తమ కార్యకలాపాలు కారణం కాదని రేవు వాదించింది.

ఈ వాదన తేలిగ్గా తెమిలేది కాదు. ఎన్నూరు రేవును ప్రధానంగా థర్మల్ కేంద్రాల బొగ్గు దించుకోవడానికి నిర్మించారు. నిండుగా వచ్చే ఓడ వదిలే బ్యాలాస్ట్ నీరు తక్కువ. ఆ బొగ్గులో పెద్ద భాగం మన తూర్పు తీరపు రేవుల నుంచే వస్తుంది. కాబట్టి కేవలం విదేశీ బ్యాలాస్ట్ కోసమే వెతికితే రుజువు దొరకకపోవచ్చు. రుజువు దొరకకపోతే బాధ్యులూ ఉండరు. నీరు నౌకాయాన డైరెక్టరేట్ జనరల్‌ది, రేవు ఓడరేవుల శాఖది, నది జలవనరుల శాఖది, రొయ్య మత్స్యశాఖది, తడినేల పర్యావరణ శాఖది. గుల్ల మాత్రం వీటన్నిటి మధ్య ఎవరికీ చెందకుండా పెరుగుతుంది. 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం పరాయి ఆక్రమణ జాతుల దిగుమతిని, వ్యాప్తిని నియంత్రించే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. కానీ ఎవరూ దిగుమతి చేసుకోని, ఓడ అడుగున దానంతటదే వచ్చే జీవిని నోటిఫికేషన్ ఆపలేదు.

వచ్చిన గుల్లను తినేస్తే సరిపోతుంది కదా అన్న సూచన తరచు వినిపిస్తుంది. బ్రెజిల్‌లో మైటెల్లాను సురూరు పేరుతో ఇష్టంగా తింటారన్నది నిజమే. అయితే మస్సెల్ నీటిలో ఉన్నదంతా వడగట్టి తనలో నిలుపుకొనే జీవి. బూడిద నీరు, పరిశ్రమల వ్యర్థాలు కలిసే ఎన్నూరు వంటి చోట పెరిగిన దానిని పరీక్షించకుండా వంటింటికి పంపడం ప్రమాదం. పైగా అమ్ముడుపోవడం మొదలైతే దానిని కొత్త చోట్ల పెంచాలన్న ఆశ కూడా మొదలవుతుంది.

పులికాట్‌కు ఎంత దూరం

ఎన్నూరు నీరు ఎన్నూరులో ఆగదు. ఉప్పునీటి పాయలు, బకింగ్‌హామ్ కాలువ దానిని ఉత్తరాన పులికాట్ సరస్సుతో కలుపుతాయి. ఆ సరస్సులో అధిక భాగం ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది. మైటెల్లా దాదాపు మంచినీటి స్థాయి నుంచి సముద్రాన్ని మించిన ఉప్పదనం దాకా, క్రమంగా అలవాటు పడితే వెయ్యికి 2 నుంచి 40 వంతుల లవణీయతలో బతకగలదని ప్రయోగాల్లో తేలింది. వానాకాలంలో పలుచబడి, వేసవిలో చిక్కబడే పులికాట్ నీరు సంవత్సరంలో చాలా కాలం ఆ హద్దుల్లోనే ఉంటుంది. సరస్సు రాష్ట్రాల సరిహద్దు మీద ఉండడం వల్ల దక్షిణ ఒడ్డున కనిపించిన దాని కబురు ఉత్తర ఒడ్డు అధికారులకు చేరే క్రమం ఒకటి ఏర్పడాలి.

అంతకంటే విస్తృతమైన ప్రశ్న ఆంధ్ర తీరానికి ఉంది. మూలపేట, మచిలీపట్నం, రామాయపట్నంలలో కొత్త రేవుల నిర్మాణం సాగుతోంది. కాకినాడ రేవు పక్కనే కోరింగ మడ అడవులు, కృష్ణపట్నం పక్కన కండలేరు ఉప్పుటేరు, మచిలీపట్నానికి దగ్గరలో కృష్ణా మడ అడవులు ఉన్నాయి. మడచెట్ల వేళ్ళు మస్సెల్ అతుక్కోవడానికి అనువైనవి. ఆ ఏటిపాయల్లో గుల్లలు, పీతలు, రొయ్యలు ఏరుకొనేవారికి వచ్చే నష్టం రేవుల లాభనష్టాల పట్టికలో ఎక్కడా కనిపించదు. రేవు స్తంభం గోకించే ఖర్చుకు రసీదు ఉంటుంది, రోజంతా తడిమినా బుట్ట నిండని మనిషికి రసీదు ఉండదు.

కొత్త రేవుకు ఒక సౌలభ్యం ఉంది. మొదటి ఓడ రాకముందే అక్కడి నీటిలో ఏయే జీవులు ఉన్నాయో లెక్కించి పెట్టుకోవచ్చు. విశాఖకు ఆ అవకాశం లేకపోయింది. ఆ తరువాత చేయవలసిన పనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. రేవు గోడ నుంచి తాడు కట్టి కొన్ని పలకలను నీటిలో వేలాడదీయడం, వాటిని తరచు పైకి తీసి ఏ గుల్ల అతుక్కుందో చూడడం, కొత్తది కనిపిస్తే ఎవరికి చెప్పాలో ముందే రాసి ఉంచడం చాలు. పర్యావరణ అనుమతుల షరతుల్లో దీనిని చేర్చడానికి కొత్త చట్టం అవసరం లేదు. ఆ పలకలను చూసే పనికి పొరుగు గ్రామాల మత్స్యకారులను నియమిస్తే ఇంకా మంచిది. కొచ్చిలోనైనా, ఎన్నూరులోనైనా వింత గుల్లను చేత్తో పట్టుకొని పేరు పెట్టింది వారే. డార్విన్ మెరీనాల్లో ఆ పలకలు 1999 తరువాత కూడా వేలాడుతూనే ఉన్నాయి. విదేశీ జలాల నుంచి వచ్చే విహార నౌకల అడుగుభాగాన్ని తనిఖీ చేశాకే అక్కడ లోపలికి అనుమతిస్తున్నారు.